పక్కకు తిరిగి కూర్చున్న సుబేదారు

కర్నూలు
4-10-1953

చిరంజీవి కోకిలకు,

గుడారంలోంచి మామయ్య ఆశీస్సులు. నవ్వకు, నిజంగానే గుడారం. కొత్త రాష్ట్రానికి రాజధాని అయితే వచ్చింది గానీ గుమాస్తాలకు గోడలు ఇంకా రాలేదు. నలుగురం ఒక్క గుడ్డ కింద సర్దుకుంటున్నాం. గాలి లేచిందంటే సగం దుమ్ము సాంబారులోకే. పుట్టి బుద్ధెరిగాక చింతాద్రిపేట దాటని వాణ్ణి, తెలుగు రాష్ట్రం కదా అని మురిసిపోతూ వచ్చానా, మెస్సులో వడ్డించే ఆయన నా మాట విని, "అయ్యవారిది అరవదేశమా?" అని అడిగాడు. మద్రాసులో ఉన్నన్నాళ్ళూ తెలుగువాణ్ణి, తెలుగుదేశం వచ్చి అరవవాణ్ణి అయ్యాను.

నా గోల తరవాత. ముందు సుబేదారు సంగతి రాయి. అన్నం తింటున్నాడా? బయల్దేరే రోజున జట్కావాడు తొందరపెట్టేశాడు. వాణ్ణి మీ పెరట్లో వేపచెట్టుకు కట్టేసి, మీ అత్తయ్య చీర ఒకటి, ఆమె తిరగలి నీకు అప్పజెప్పి, చెప్పాల్సింది సగం చెప్పకుండానే రైలెక్కాను. కుక్క కాస్త పిరికిది అని మాత్రం అన్నట్టు గుర్తు.

గుడారంలో కుక్కను ఉంచుకోనివ్వరు. డిసెంబరుకల్లా క్వార్టర్సు ఇస్తామంటున్నారు. తాళంచెవి చేతికొచ్చిన మర్నాడే వచ్చి వాణ్ణి తీసుకుపోతాను. అంతవరకు కాస్త ఓర్చుకో తల్లీ. మీ అత్తయ్య అలమేలు పోయి ఆరు నెలలైంది. ఆమె వాడిన చెంబులూ చీరలూ ఇంకా ఉన్నాయి. ఆమె కష్టపడి చేసిన పనుల్లో మాత్రం లోకంలో మిగిలింది వాడొక్కడే.

అల్లుడు చలపతిని అడిగానని చెప్పు.

మామయ్య వీరరాఘవులు

*

కోడంబాక్కం
9-10-1953

మామయ్యకు కోకిల నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం అని రాయటం మర్యాద కాబట్టి రాస్తున్నాను. ఆ మాట అయిపోయింది, ఇక నిజం రాస్తాను. మీ సుబేదారు మీ అల్లుణ్ణి కరిచాడు.

ఆదివారం నాడు వాన పడుతుంటే ఆయన స్టూడియోలో రాత్రంతా దీపాలు ఎత్తి దింపి, గొడుగు వేసుకుని పెరటి దారిన వచ్చారు. కుక్క ఒక్కసారిగా మీద పడింది. పంచె చిరిగింది, పిక్క మీద చర్మం గీరుకుపోయింది. ఆయన నోరు మంచిది కాబట్టి నన్నేమీ అనలేదు, కుక్కను మాత్రం అన్నారు. నేను మచ్చిక చేసుకుందామని చెయ్యి చాచి చ్చొచ్చొ అంటే పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. ఛీ నోర్ముయ్ అని పుల్ల తీసుకుని బెదిరించాను. ఆ తరవాత రెండు పూటలు అన్నం ముట్టలేదు, చెట్టు మొదట్లో ముడుచుకుని వణుకుతూ పడుకుంది.

ఇంటి యజమాని ఆదిమూలంగారు వచ్చి చెప్పివెళ్ళారు. "ఇదో చూడమ్మా, ఈడ పిల్లకాయలు తిరిగే చోటు. దీపావళి లోపల ఈ కుక్క ఒళ్ళు దగ్గర పెట్టుకోనుంటే సరి, లేదంటే కుక్కల బండిని పిలిపిస్తాను, అంతే." బండి తీసుకుపోయిన కుక్క తిరిగిరాదట, పక్క వాటాలో ఉండే ఆరోగ్యమేరి చేత్తో మెడ మీద గీసి చూపించింది.

కాస్త పిరికిది అన్నారు మామయ్యా మీరు. కరిచే కుక్క అని ముందే చెప్పి ఉండాల్సింది. మీకు అక్కర్లేనిదాన్ని నాకు అంటగట్టి వెళ్ళారేమో అనిపించింది, అనిపించింది కాబట్టి రాస్తున్నాను, కోప్పడకండి. రేపల్లె నుంచి వచ్చి ఇంకా అయిదు నెలలు కాలేదు. ఇక్కడ రైలు గేటు దాటి ఒంటరిగా పోలేదు నేను. కూరలామె అరవంలో ఏదో అడిగితే తల ఊపి, ఆమె ఏదిస్తే అది తెచ్చుకుంటున్నాను. నాకే ఇంత భయంగా ఉంటే దానికి ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టను?

మీ కోకిల

*

కర్నూలు
14-10-1953

కోకిలా,

అక్కర్లేనిది అన్నావు. చదివి పొద్దుపోయేదాకా ఫైళ్ళు ముట్టబుద్ధి కాలేదు. కానీ తప్పు నాదే, పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, విను.

మీ అత్తయ్యకు వాడు కూవం ఏటి గట్టున దొరికాడు. బండివాళ్ళ కడ్డీ ఉచ్చులోంచి తప్పించుకుని వచ్చినట్టున్నాడు, తీగ మెడలోకి కోసుకుపోయి ఉంది. అప్పట్నుంచీ ఎవరి చేతిలో పొడుగ్గా ఏది కనిపించినా వాడికి ఆ కడ్డీయే. గొడుగైనా, చీపురైనా, నీ పుల్లైనా. వాడు కోపిష్టి కాదమ్మా. భయంతో కరుస్తాడు. మూతి మీద తెల్లమీసం చూసి అలమేలే ఆ పేరు పెట్టింది. ఇంత పిరికివాడికి సుబేదారు అని పేరేమిటే అంటే, పేరైనా ధైర్యంగా ఉండనివ్వండి అనేది.

ఆమె చేసిన విధం ఇది. వాడి ఎదురుగా నిలబడదు, కళ్ళలోకి చూడదు, చెయ్యి చాచదు. దూరంగా, పక్కకు తిరిగి కూర్చుని తన పని తను చేసుకునేది, బియ్యంలో రాళ్ళు ఏరుకోవటమో చిక్కుడుకాయలు తుంచుకోవటమో. మధ్యమధ్యలో ఎండు నెత్తళ్ళ చేపలు కలిపిన అన్నం ముద్ద ఒకటి వాడి వైపు దొర్లించేది. వాడు తింటే తిన్నాడు, లేకపోతే లేదు. మర్నాడు కాస్త దగ్గరగా కూర్చునేది.

వాడు గుర్రుమంటే నువ్వు తొందరపడ్డావన్న మాట. నిన్నటి చోటికి వెనక్కి వెళ్ళు. తిట్టకు. గుర్రుమనటం వాడి నోటి మాట. ఆ మాట మానిపించావంటే ఇక చెప్పకుండానే కరుస్తాడు. ఈ మాట అలమేలు నాతో ఎన్నిసార్లు అందో. నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి.

వాడంతట వాడు పక్కకు తిరిగి కూర్చుంటే మాత్రం వెంటనే ముద్ద వెయ్యి. భయం వేసినప్పుడు మీద పడనక్కర్లేదు, ఊరికే పక్కకు తిరిగి కూర్చుంటే చాలు, మంచే జరుగుతుంది అని వాడికి తెలియాలి. ఆమె వాడికి నేర్పిందల్లా అదే. ఆమె పోయిన రోజున అంతా పోయింది. పాడె మోసిన నలుగురిలో ఒకణ్ణి కరిచాడు. వాడి కళ్ళకు వెదురు బద్దలు కనిపించాయి, వాటి మీద ఆమె కనిపించింది. వాణ్ణి ఏమనగలం చెప్పు.

నువ్వు నీకే భయం అన్నావే, అదేం చెడ్డది కాదు. ధైర్యవంతులు తిన్నగా వాడి మీదికే పోతారు. నువ్వు పోవు.

మామయ్య

*

కోడంబాక్కం
23-10-1953

మామయ్యా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి ఏడ్చి, తరవాత చేట తీసుకుని పెరట్లోకి పోయాను. మొదటి మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, సుబేదారు నా పక్కనే పడుకుని ఉన్నాడు. ఇంచుమించు పక్కనే. కాలు చాపితే తగులుతాడు, నేను చాపటం లేదు.

మొదట్లో వాడు ముద్ద వైపు చూడనే లేదు, కాకులు తినిపోయాయి. నేను బియ్యం ఏరుతూ నాలో నేను రేపల్లె కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఈ ఊరొచ్చాక పగలు నా నోట్లోంచి అన్ని మాటలు రావటం అదే మొదలు. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను. మీ అల్లుడు చూసి, "ఇంత శుభ్రమైన అన్నం నా జన్మలో తినలేదు" అన్నారు. నాలుగోనాడో అయిదోనాడో వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి ముద్ద ఎత్తుకుపోయాడు. నేను తిరిగి చూడలేదు. చూడకుండా ఉండటం ఎంత కష్టమో!

తరవాత గొడుగు సంగతి నేనే ఆలోచించాను. మూసిన గొడుగు పెరట్లో ఆ చివర గోడకు ఆనించి పెట్టాను. గొడుగు ఉన్నంతసేపే నెత్తళ్ళు, తీసేస్తే వట్టి అన్నం. రోజూ కొంచెం ఇటు జరిపాను. ఒకరోజు ఆశపడి ఎక్కువ జరిపితే గుర్రుమన్నాడు, మీరు చెప్పినట్టే వెనక్కి పెట్టేశాను. ఇప్పుడు గొడుగు చూస్తే పక్కకు తిరిగి కూర్చుని, నెత్తళ్ళు ఏవీ అన్నట్టు నా వైపు ఓరగా చూస్తాడు. ఆరోగ్యమేరి కూడా నేర్చుకుంది, వాళ్ళింట్లో కరువాడు, అదే ఎండుచేపలు, వండితే తలకాయలు వాడికి దాచి ఉంచుతోంది. ఆమెకు తెలుగు రాదు, నాకు అరవం రాదు, సుబేదారు గురించి మాత్రం ఇద్దరం గంటలకొద్దీ మాట్లాడుకుంటున్నాం.

మెడ మీద పాత మచ్చ దగ్గర పట్టీ ఒరుసుకుని ఎర్రగా అయింది. పట్టీ ఒక బెజ్జం వదులు చేసి, లోపల మెత్తటి గుడ్డ కుట్టాను.

ఒకటి అడుగుతాను, మరోలా అనుకోకండి. అత్తయ్య ఎలా కూర్చునేదో, ఏమనేదో ఇంత బాగా రాశారు. మీరు ఒక్కసారైనా కూర్చున్నారా వాడి దగ్గర?

కోకిల

*

కర్నూలు
28-10-1953

చిరంజీవి కోకిలకు,

నీ ఉత్తరం గుడారంలో పైకి చదివి వినిపించాను. లెక్కల సెక్షన్ ఆయన, "కుక్కకు ఇంత పాఠమా, మన పెద్దగుమాస్తాకు కూడా ఎవరైనా చెబితే బాగుండు" అన్నాడు. అందరం నవ్వాం. చాలా రోజులకు.

నువ్వు అడిగినదానికి జవాబు, కూర్చోలేదు. ఆమె ఉండగా అవసరం లేకపోయింది. ఆమె పోయాక ఇద్దరం చెరో మూలా కూర్చున్నాం. వాడు గుమ్మం వైపు చూసేవాడు, నేను గోడ వైపు చూసేవాణ్ణి. ఒకరినొకరు ఓదార్చుకోవటం ఇద్దరికీ చేతకాలేదు. క్వార్టర్సు రాగానే కూర్చుంటాను. నువ్వే నేర్పాలి నాకు.

ఇక అసలు గండం ముందుంది. దీపావళి. టపాకాయ పేలిందంటే వాడికి ఒళ్ళు తెలియదు. ఒక ఏడు తలుపు చెక్క కొరికి నోరంతా నెత్తురు చేసుకున్నాడు. కాబట్టి కాల్చటం మొదలు కాకముందే వాణ్ణి లోపలి చీకటి గదిలోకి తీసుకుపో. కిటికీకి దుప్పటి కట్టు. అత్తయ్య చీర కింద పరుచు. ఆ చప్పుళ్ళు ఆగేదాకా తిరగలి తిప్పుతూ వాడి పక్కనే ఉండు. అలమేలు అలాగే చేసేది. ఆ గరగర చప్పుడులో బయటి చప్పుడు వాడికి సగమే వినిపించేది. ఆమె చెయ్యి నొప్పెట్టినా ఆపేది కాదు.

మన మద్రాసు దీపావళి గురించి నీకు నేను చెప్పాలా? మా అక్క కూతురివి. చింతాద్రిపేటలో మేమిద్దరం చేసిన అల్లరి అంతా మీ అమ్మ నీకు కథలు కథలుగా చెప్పే ఉంటుంది. ఎక్కువ రాయను.

ఆదిమూలంగారి సంగతి ఏమైంది? పండగ దగ్గరపడుతోంది, అదొకటే నా బెంగ.

మామయ్య

*

కోడంబాక్కం
3-11-1953

మామయ్యా,

గెలిచాం!

ఇవాళ పొద్దున ఆదిమూలంగారు వచ్చారు. చేతిలో గొడుగు, పెద్దది, నల్లది, కొన ఇత్తడిది. సుబేదారు లేచి నిలబడ్డాడు. మీసం వణికింది. నేను చేటలో చెయ్యి పెట్టుకుని పక్కకు తిరిగి కూర్చున్నాను. వాడు ఆయన్ను చూశాడు, నన్ను చూశాడు, తరవాత మెల్లిగా పక్కకు తిరిగి కూర్చుండిపోయాడు. నేను ముద్ద వేశాను. అది తినేసి మళ్ళీ అలాగే కూర్చున్నాడు. ఆదిమూలంగారు గొడుగు ఇటు తిప్పారు, అటు తిప్పారు, చివరికి వాడి ముందే నేలకేసి తట్టారు. వాడు కదల్లేదు.

"అడ, ఇది ఆ కుక్కేనామ్మా? మా పెద్దోడి కంటే బుద్ధిగా ఉండాదే!" అన్నారు. ఉంచుకోమన్నారు మామయ్యా! బండి మాట ఇక ఎత్తనన్నారు. ఆయన వెళ్ళాక నేను వాడి పక్కన కూర్చుని ఏడ్చాను. వాడు దగ్గరికొచ్చి నా మోచెయ్యి వాసన చూసి, తల నా మోకాలి మీద పెట్టాడు. నేను పెట్టించుకోలేదు, వాడంతట వాడే పెట్టాడు. ఎంత బరువో ఆ తల.

దీపావళికి అన్నీ సిద్ధం. కిటికీకి దుప్పటి కట్టేశాను. తిరగలి గదిలో పెట్టాను, విసరటానికి కందులు కూడా తెచ్చాను. కూరలామెతో నేనే అరవంలో బేరం చేశాను, నమ్మండి. శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టకముందే, ఎండ ఉండగానే వాణ్ణి లోపలికి తీసుకుపోతాను. మీరు నిశ్చింతగా ఉండండి. అప్పటిదాకా పెరట్లోనే వాడికి ఇష్టం, వేపచెట్టు కింద గాలికి హాయిగా నిద్రపోతున్నాడు.

మీరు వచ్చి చూడాలి వాణ్ణి.

కోకిల

*

కర్నూలు
5-11-1953, గురువారం

కోకిలా,

నీ ఉత్తరం ఇప్పుడే, మధ్యాహ్నం టపాలో అందింది. శుక్రవారం సాయంత్రం అన్నావు. అమ్మాయ్, మద్రాసులో దీపావళి ఈ తెల్లవారుజామునే. చతుర్దశి నాడు, కోడి కూయకముందే తలంటు పోసుకుని అప్పుడే కాలుస్తారు. చీకటి ఉండగానే ఊరంతా దద్దరిల్లిపోతుంది. అమావాస్య సాయంత్రం కాల్చేది మీ వైపు. అది నాకు తోచనే లేదు. దీపావళి అంటే దీపావళే కదా అనుకుని, వేళ ఎప్పుడో నేను రాయలేదు, నువ్వు అడగలేదు.

పరుగెత్తుకుంటూ పోయి తంతి ఇచ్చాను. ఏం లాభం, ఈపాటికి అంతా అయిపోయి ఉంటుంది. ఎవరో ఒకరు నీకు ముందుగా చెప్పే ఉంటారు. ఆరోగ్యమేరి చెప్పి ఉంటుంది. చెప్పిందని రాయి.

ఒకవేళ తాడు తెంపుకుని పోయి ఉంటే రైలు కట్ట వెంట వెతుకుతూ కూర్చోకు. వాడు చింతాద్రిపేటకే పోతాడు. పాత ఇంటి గుమ్మం ముందు మెట్టు ఉందే, అలమేలు సాయంత్రాలు కూర్చునేది, అక్కడ చూడు. తంతిలో ఈ మాట రాయాల్సింది, అప్పుడు తోచలేదు.

రెండు ముక్కలైనా సరే వెంటనే రాయి. వాడు బాగున్నాడని రాయి.

మామయ్య

*

కోడంబాక్కం
8-11-1953

మామయ్యా,

మీ తంతి గురువారం మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి నేను ఇంట్లో లేను, వాడికోసం తిరుగుతున్నాను. మీ ఉత్తరం నిన్న, శనివారం పొద్దున వచ్చింది. అన్నీ వరసగా రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

"రేపే దీపావళి" అని ఆరోగ్యమేరి బుధవారం చెప్పింది. వీళ్ళు చతుర్దశినే దీపావళి అంటారు కాబోలు, మాకూ ఆ రోజు తలంటు ఉంటుందిగా, కాల్చేది మాత్రం మర్నాడు సాయంత్రమేగా అనుకున్నాను. తెల్లవారుజామున లేచి తలంటుకు నీళ్ళు కాచటానికి పొయ్యి రాజేస్తున్నాను. సుబేదారు లేచి ఒళ్ళు విరుచుకుని నా వైపు చూసి తోక ఊపాడు. అప్పుడు పక్కసందులో ఒకటి పేలింది. ఆ వెంటనే నాలుగు వైపులా మొదలయ్యాయి. నేను తిరిగి చూసేసరికి వాడు చెట్టు చుట్టూ గింజుకుంటున్నాడు. సుబేదారూ అని పరుగెత్తాను. ఎదురుగా, తిన్నగా పరుగెత్తాను మామయ్యా, అన్నీ మరిచిపోయి. వాడు వెనక్కి లాక్కున్నాడు. పట్టీ తలమీదుగా ఊడి వచ్చింది. నేను వదులు చేసిన పట్టీ. తాడూ పట్టీ, లైసెన్సు బిళ్ళా చెట్టు దగ్గరే ఉండిపోయాయి. వాడు గోడ దూకిపోయాడు.

ఆయన స్టూడియో నుంచి రాగానే చెరో దారీ పట్టాం. రైలు కట్ట వెంట వెతికాను. గేటు దాటాను, సైదాపేట దాకా ఒంటరిగా పోయాను. కనిపించిన ప్రతివాళ్ళనీ, తెల్లమీసం కుక్క, తెల్లమీసం కుక్క అని అడిగాను. శుక్రవారం కూడా అదే పని. ఏ రైలు కిందో పడ్డాడేమో అనే భయమే తప్ప మీ పాత ఇల్లు నాకు తోచలేదు.

నిన్న మీ ఉత్తరం చదివి పడుతూ లేస్తూ పోయాను. అత్తయ్య చీర పట్టుకుపోయాను. ఆ మెట్టు ఖాళీగా ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నామె బయటికి వచ్చి నన్ను చూసి, ముందు నీళ్ళిచ్చింది.

"తెల్లమీసం కుక్కా? పాపం, రొంబ సాధువు కుక్కమ్మా అది. గురువారం పొద్దున్నే వచ్చి ఈ మెట్టు మీద పండుకునింది. ఎవర్నీ ఏమీ చేయలా. పట్టీ లేదు, బిళ్ళ లేదు, పిల్లకాయలు భయపడతారని మా ఆయన చెప్పంపినాడు. నిన్న పొద్దున బండి వచ్చింది. వాడు ఆ కడ్డీ ఎత్తుకోని ముందుకొస్తే, దీనికి ఒళ్ళంతా వణుకు. పరిగెత్తతాదనుకున్నాం. పరిగెత్తలా. ఇట్లా పక్కకు తిరిగి కూచునింది. కూచోని, ఎవరో ఏదో పెడతారన్నట్టు చూస్తా ఉండింది."

అక్కణ్ణుంచి రిక్షాలో కుక్కల దొడ్డికి పోయాం, మీ అల్లుడు కూడా వచ్చారు. బిళ్ళ చూపించాను. అక్కడున్నతను బిళ్ళ తిప్పి చూసి, నిన్ననే అయిపోయిందమ్మా అన్నాడు.

వెనకటి సుబేదారు అయితే కరిచి తప్పించుకుని పోయేవాడు. ఒకసారి తప్పించుకున్నాడుగా. కరవకు, కూర్చో, మంచే జరుగుతుంది అని నేర్పింది నేను. వాడు నమ్మాడు. కడ్డీ చూసి కూడా నమ్మాడు. నేను వస్తాననుకుని కూర్చున్నాడు మామయ్యా.

మీ ఉత్తరంలో అమ్మ చెప్పే ఉంటుంది అన్నారు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అమ్మ చెప్పిన మద్రాసు దీపావళి నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఉన్నట్టు మీరు రాస్తే బాగుందనిపించి, లేదని రాయలేదు.

అత్తయ్య చీర ఉతికి పెట్టాను. నన్ను తిట్టండి. తిట్టకపోతే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

కోకిల

*

కర్నూలు
11-11-1953

నా తల్లి కోకిలకు,

తిట్టను. నాకు తిట్టు రావటం లేదు, ఏడుపు వస్తోంది. మంగళవారం నీ ఉత్తరం అందింది. ఆఫీసుకు పోలేదు. గుడారంలో వాళ్ళు ఎవరు పోయారని అడిగారు. మా ఇంట్లోవాడు అన్నాను.

మా అక్క నీకు ఆరేళ్ళప్పుడే పోయిందని నాకు తెలియదా? తెలుసు. అయినా అక్క ఎక్కడో కూర్చుని నీకు మా కబుర్లు చెబుతూనే ఉన్నట్టు నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. పోయినవాళ్ళు నోరు మూసుకుంటారని నాకు తోచదు. అదే మన కొంప ముంచింది.

నువ్వు నేర్పింది తప్పు అని ఇంకెప్పుడూ అనకు. కరిచి తప్పించుకున్నన్ని రోజులు వాడు ఎలా బతికాడో నేను చూశాను. అలమేలు పోయాక మళ్ళీ అలాగే బతుకుతుంటే అదీ చూశాను, ఏమీ చేయలేకపోయాను. నీ మోకాలి మీద తల పెట్టినవాడు ఆ సుబేదారు కాదు. ఆ నెల రోజులూ నువ్వు ఇచ్చావు. వాడు కూర్చోవటం తప్పు కాదు కోకిలా. కూర్చున్నవాడికి ముద్ద వేసే మనిషి అక్కడ లేకపోవటమే తప్పు. అది నీ ఒక్కదాని తప్పు కాదు.

కానీ మనసు ఊరుకోవటం లేదు. ఏం చేసినా నీ ఉత్తరంలో ఆ మెట్టే కనిపిస్తోంది. వాడు చివరిసారి చూసిన వైపు నేను లేను.

ఇక్కడ దీపావళి శుక్రవారం అయింది. సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు, నువ్వు అనుకున్నది అనుకున్నట్టు. ఎండ ఉండగానే లోపలికి తీసుకుపోతానన్నావు. ఈ ఊళ్ళో అయితే నీ లెక్క సరిగ్గా సరిపోయేది. నేను వాణ్ణి వెంట తెచ్చుకుని, ఏ పాకలోనో తల దాచుకుని ఉంటే సరిపోయేది.

నా తంతికి నీ దగ్గర్నుంచి జవాబు రాలేదు కాబట్టి, వాడు ఉన్నాడనే అనుకున్నాను. గురువారం ఎలాగో గడిచే ఉంటుంది, మిగిలిన చప్పుళ్ళకు ఈ సాయంత్రం కూడా నువ్వు లోపలే కూర్చుని ఉంటావు అనుకున్నాను. ఊళ్ళో మొదటి టపాకాయ పేలగానే కూర్చోలేకపోయాను. మెస్సుకు పోయి తిరగలి అడిగి తెచ్చుకున్నాను. గుప్పెడు జొన్నలు పోసి, మంచం పక్కన దుప్పటి పరిచి, పక్కకు తిరిగి కూర్చుని, చప్పుళ్ళు ఆగేదాకా విసిరాను. అలవాటు లేని చెయ్యి, బొబ్బలెక్కింది. గుడారంలో వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం హాయిగా ఉంది. అక్కడ నువ్వూ ఇదే వేళకు తిప్పుతుంటావు, వాడు నీ పక్కన పడుకుని ఉంటాడు, ఇన్నాళ్ళకు నేను కూడా వాడి దగ్గర కూర్చున్నాను అనుకున్నాను.

అప్పటికే వాడు లేడు.

ఆ జొన్నపిండి ఒక పొట్లం కట్టి పెట్టాను. పారేయబుద్ధి కావటం లేదు, ఎవరికైనా పెడదామంటే ఎవరికి పెట్టాలో తెలియటం లేదు.

మామయ్య